144 మంది వద్దన్న సూపు

పుస్తకాల పుట్టుపూర్వోత్తరాలు – 8వ భాగం

నెపోలియన్ హిల్‌తో కలిసి 1960లో విజయసూత్రాల పుస్తకం రాసిన బీమా కోటీశ్వరుడు క్లెమెంట్ స్టోన్ దగ్గర కిందటి భాగం ఆపాం. ఆ స్టోన్‌కు షికాగోలో ఒక ధర్మసంస్థ ఉండేది. 1960ల చివర్లో అందులో పనికి చేరిన కుర్ర టీచరు జాక్ కాన్‌ఫీల్డ్ ఈ భాగానికి కథానాయకుడు. నిజానికి కథానాయకులు ఇద్దరు. రెండో ఆయన కాసేపట్లో వస్తాడు.

కాన్‌ఫీల్డ్ 1944లో టెక్సస్ రాష్ట్రంలోని ఫోర్ట్‌వర్త్‌లో పుట్టాడు. హార్వర్డ్‌లో చైనా చరిత్ర చదివాడు. తీరా చేసింది షికాగోలోని నల్లజాతి పేదల పేటలో హైస్కూలు పిల్లలకు పాఠాలు చెప్పడం. పాఠం బుర్రకెక్కకపోవడం కన్నా, తాము దేనికీ పనికిరామని పిల్లలు ముందే తీర్మానించుకోవడమే పెద్ద చిక్కని అక్కడ అతనికి అర్థమైంది. దానికి విరుగుడు వెతుక్కుంటూనే స్టోన్ దగ్గర చేరాడు. స్టోన్ చెప్పిన సలహాల్లో ఒకటి కాన్‌ఫీల్డ్ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు: టీవీ చూడటం రోజుకు గంట తగ్గించు. ఏడాదికి 365 గంటలు మిగులుతాయి. వారానికి 40 గంటల ఉద్యోగం లెక్కన అది రెండు నెలల పని. మనిషి బాగుపడటాన్ని ఇలా పద్దు రాసి చూపించే అలవాటు కాన్‌ఫీల్డ్‌కు అబ్బింది అక్కడే. 1976లో హెరాల్డ్ వెల్స్‌తో కలిసి, తరగతి గదిలో పిల్లల ఆత్మగౌరవం పెంచే వంద పద్ధతులతో టీచర్ల కోసం ఒక పుస్తకం తెచ్చాడు. ఆ వంద అనే అంకెను గుర్తుపెట్టుకోండి, దానికింకో ఒకటి చేరబోతోంది.

రెండో ఆయన మార్క్ విక్టర్ హాన్సెన్. డెన్మార్క్ నుంచి వలస వచ్చిన కుటుంబం. 1948లో ఇల్లినాయ్‌లో పుట్టాడు. గుండ్రటి జియోడెసిక్ గుమ్మటాలకు పేరుపడ్డ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ దగ్గర శిష్యరికం చేశాడు. గురువుగారి గుమ్మటాలనే ప్లాస్టిక్‌తో కట్టించి అమ్మే వ్యాపారం న్యూయార్క్‌లో పెట్టాడు. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేసరికి ప్లాస్టిక్ ధర ఆకాశానికెక్కింది, మరుసటేడాది హాన్సెన్ దివాలా తీశాడు. తర్వాత ఉపన్యాసాల క్యాసెట్లు వింటూ వింటూ తనే ఉపన్యాసకుడయ్యాడు. దివాలా తీసినవాడు విజయం గురించి చెబితే జనం వింటారా అని మనకు అనుమానం రావచ్చు. అమెరికాలో ఈ వృత్తికి అదే మొదటి అర్హత. పడి లేచిన కథ లేనివాడిని వేదిక ఎక్కించరు.

ఆ వృత్తి గురించి ఒక మాట చెప్పుకోకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. 1970, 80లలో అమెరికా కంపెనీలు, టీచర్ల సంఘాలు, అమ్మకందార్ల సమావేశాలు డబ్బిచ్చి ఉపన్యాసకులను పిలిపించేవి. గంటసేపు సూత్రాలు వల్లిస్తే జనం ఆవలిస్తారు. అందుకని మన హరిదాసు ప్రధాన కథ మధ్యలో పిట్టకథ చెప్పి సభను నిద్రలేపినట్టు, ఈ ఉపన్యాసకులూ సూత్రానికొక చిన్న కథ అతికించేవారు. ఇంటికెళ్ళాక శ్రోతలకు సూత్రం గుర్తుండదు, పిట్టకథ గుర్తుంటుంది. ఏ కథకు జనం కళ్ళు చెమ్మగిల్లుతాయో, ఏ చోట నవ్వు పడుతుందో వందల సభల్లో పరీక్షకు పెట్టి మరీ ఎంచుకున్న సరుకది. ఒకరి కథ ఇంకొకరు ఎత్తుకుని చెప్పుకోవడం కూడా అక్కడ మామూలే.

కాన్‌ఫీల్డ్ చెప్పుకున్న ప్రకారం, ఉపన్యాసం అయ్యాక జనం వచ్చి, ‘ఇందాక చెప్పిన కథ ఏదైనా పుస్తకంలో ఉందా? మా అమ్మాయి చేత చదివించాలి’ అని అడగడం మొదలుపెట్టారు. ఒకరు కాదు, వరసగా చాలామంది. ఒకసారి బోస్టన్ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్ళే విమానంలో కూర్చుని, తను చెప్పే కథలన్నీ జాబితా రాసుకుంటే డెబ్బై దాకా తేలాయి. వారానికి రెండు చొప్పున కాగితం మీద పెట్టాడు. హాన్సెన్‌తో ఫలహారం చేస్తూ ఈ సంగతి చెబితే, మిగతావి నేను తెస్తానని అతను భాగస్వామిగా చేరిపోయాడు. మొత్తం 101 కథలు. నూటపదహార్లు చదివించే మనకు నూరు మీద ఒకటెందుకో వివరించనక్కర్లేదు.

పేరు మాత్రం కుదరలేదు. కాన్‌ఫీల్డ్ ధ్యానంలో కూర్చున్నాడట. పచ్చటి నల్లబల్ల కనిపించిందట, ఒక చెయ్యి వచ్చి దాని మీద ‘చికెన్ సూప్’ అని రాసిందట. ఒంట్లో బాగాలేనప్పుడు అమ్మమ్మ ఇచ్చిన సూపు గుర్తొచ్చింది. కోడి రసాన్ని ‘యూదుల పెన్సిలిన్’ అని సరదాగా పిలుచుకునే దేశమది. జలుబుకు ఇంటి మందుగా దాన్ని ఎరగని అమెరికన్ ఉండడు. ఆ విధంగా ‘చికెన్ సూప్ ఫర్ ద సోల్’ అయింది. నల్లబల్ల మీద చెయ్యి సంగతి పాఠకులు నమ్మినా నమ్మకపోయినా, పేరు పెట్టడంలోని చాతుర్యాన్ని మెచ్చుకోవాల్సిందే. పుస్తకం ఎందుకు కొనాలో ఆ పేరులోనే ఉంది. అంతకుమించి, ఆ పేరులో ‘సోల్’ ముందు ఏ మనిషి జాతినైనా తగిలించుకునే వీలుంది. ఆ రెండో గుణం విలువ అప్పటికి వాళ్ళకే తెలియదు.

ప్రచురణకర్తలకు మాత్రం పేరు నచ్చలేదు, పుస్తకం అంతకన్నా నచ్చలేదు. చిన్న కథల సంపుటాలు అమ్ముడుపోవన్నారు. మరీ తీపి ఎక్కువైందన్నారు. వాళ్ళ తరఫున న్యూయార్క్‌లో ఆఫీసులు తిరిగిన ఏజెంటు కూడా, ఇక నావల్ల కాదని ప్రతిని వాపసు ఇచ్చేశాడు. ఎంతమంది కాదన్నారు? కాన్‌ఫీల్డ్ ఉపన్యాసాల్లో ఎక్కువగా వినిపించే అంకె 144. ఇతర చోట్ల 123 అనీ, 140 అనీ కూడా అచ్చయింది. చెప్పేకొద్దీ పెరిగే జాతి అంకె ఇది. తిరస్కారం కూడా ఒక పిట్టకథే కదా, వేదిక మీద దాన్నీ సానబెట్టుకున్నారు. ఏ లెక్క నమ్మినా, పెద్ద సంస్థలన్నీ కాదన్నాయన్నది మాత్రం ఖాయం.

వీళ్ళ తెలివి బయటపడింది ఇక్కడే. కనీసం ఇరవై వేల ప్రతులు పోతాయని హామీ ఉంటే ఆలోచిస్తామని ఒక ప్రచురణకర్త అన్నాడట. అప్పటినుంచి ప్రతి ఉపన్యాసంలోనూ కుర్చీల మీద ఒక కాగితం పెట్టడం మొదలుపెట్టారు: ‘పుస్తకం వస్తే ఇన్ని ప్రతులు కొంటానని మాట ఇస్తున్నాను’ అని రాసి, పేరు, చిరునామాతో సంతకం చెయ్యాలి. అలా ఇరవై వేల ప్రతులకు సరిపడా మాటలు కూడబెట్టారు. రచయితలు ప్రచురణకర్తను వెతుక్కోవడం మామూలు. అచ్చుకాని పుస్తకానికి ముందే కొనుగోలుదార్ల చేత సంతకాలు పెట్టించుకోవడం ఉపన్యాసకులకే తట్టే ఆలోచన. వాళ్ళకు రోజూ ఎదురుగా సభ ఉంటుంది.

1992లో కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో అమెరికన్ పుస్తక విక్రేతల మహాసభ జరిగింది. మంచి కథలు ముప్పై ఏరి, స్పైరల్ బైండింగ్ చేయించి, ఆ ప్రతులు వీపు సంచుల్లో కుక్కుకుని ఇద్దరూ స్టాలు స్టాలూ తిరిగారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ‘వద్దు’లే. చివరికి హెల్త్ కమ్యూనికేషన్స్ అనే చిన్న సంస్థవాళ్ళు, చదివి చెబుతామని ఒక ప్రతి తీసుకున్నారు.

ఆ సంస్థది ఫ్లోరిడాలో డీర్‌ఫీల్డ్ బీచ్ అనే ఊరు. నడిపేవాళ్ళు పీటర్ వెగ్సో, గ్యారీ సైడ్లర్. తాగుడు, మత్తు పదార్థాల నుంచి బయటపడాలనుకునేవాళ్ళ కోసం పత్రికలు, పుస్తకాలు వేసేవారు. తాగుబోతుల ఇళ్ళలో పెరిగిన పిల్లల మీద జానెట్ వోయిటిట్స్ రాసిన పుస్తకం వాళ్ళు 1983లో వేస్తే బాగా అమ్ముడుపోయింది. 1990ల మొదట్లో ఆ గాలి తగ్గింది. సంస్థ కొత్త సరుకు కోసం చూస్తోంది. న్యూయార్క్ సంపాదకులకు తీపి ఎక్కువ అనిపించిన కథలు, వ్యసనం వదిలించుకున్న మనుషులు వలయంగా కూర్చుని తమ గోడు చెప్పుకునే సమావేశాల గురించి తెలిసిన వెగ్సోకు వేరేగా వినిపించి ఉంటాయి. ఒక మామూలు మనిషి తనకు జరిగిన కథ చెబితే పక్కవాడికి బలం వస్తుందన్నది ఆ సమావేశాలకు పునాది. చికెన్ సూప్‌కు సరైన ఇల్లు అదే దొరికిందని నా అభిప్రాయం. ఒప్పందం కుదిరాక, ఏడాదిన్నరలో పదిహేను లక్షల ప్రతులు అమ్మాలన్నది మా లక్ష్యమని రచయితలు అంటే వెగ్సో నవ్వేశాడట.

1993 జూన్‌లో పుస్తకం వచ్చింది. వచ్చి ఊరుకుంది. సమీక్షలు లేవు, హడావిడి లేదు. బెస్ట్‌సెల్లర్ జాబితా ఎక్కడానికి ఏడాదికి పైనే పట్టింది. ఈ ఏడాదిలో ఏం చేశారన్నదే అసలు చరిత్ర. రోజుకు ఐదు దెబ్బలు చొప్పున గొడ్డలి వేస్తే ఎంత పెద్ద చెట్టయినా ఏదో ఒక రోజు పడుతుందని ఒక గురువు చెప్పాడట. దాన్ని ‘ఐదు నియమం’ చేసుకున్నారు. పుస్తకం అమ్మకానికి పనికొచ్చే పనులు రోజుకు ఐదు, తప్పనిసరిగా. ఐదు రేడియో ఇంటర్వ్యూలు కావచ్చు, ఐదు పత్రికలకు ప్రతులు పంపడం కావచ్చు, ఐదు చర్చిలకు ఫోన్లు కావచ్చు. పుస్తకాల షాపులతో ఆగలేదు. గోళ్ళకు రంగులేసే సెలూన్లు, పెట్రోలు బంకులు, బేకరీలు, ఎక్కడ మనిషి పది నిమిషాలు ఖాళీగా కూర్చుంటాడో అక్కడ పుస్తకం పెట్టారు. ఒక్కో కథ రెండు మూడు పేజీలే, వంతు వచ్చేలోపు ఒకటి అయిపోతుంది. దేశమంతా టీవీకి అతుక్కుపోయి చూసిన ఓ.జె. సింప్సన్ హత్యకేసు విచారణలో జ్యూరీ సభ్యులందరికీ ప్రతులు పంపామనీ, వాళ్ళు పుస్తకం చేత పట్టుకుని కనిపించారనీ కాన్‌ఫీల్డ్ ముచ్చటగా చెప్పుకుంటాడు.

1994 చివరికి పదమూడు లక్షల ప్రతులు పోయాయని వాళ్ళ లెక్క. ఆ తర్వాత వెగ్సో నవ్వినట్టు ఎక్కడా లేదు.

రెండో వడ్డన 1995లో, మూడోది 1996లో వచ్చాయి. అంతటితో ఆగితే ఇది మంచి అమ్మకాలు చూసిన పుస్తకం కథ అయ్యేది, ఇన్ని పేజీలు అక్కర్లేకపోయేవి. 1996లో మహిళల సంపుటం, 1997లో టీనేజర్ల సంపుటం వచ్చాయి. టీనేజర్ల పుస్తకానికి సహ సంపాదకురాలు కాన్‌ఫీల్డ్ చెల్లెలు కింబర్లీ కిర్బెర్గర్. పెంపుడు జంతువుల ప్రియులకు ఒకటి, గోల్ఫ్ ఆడేవాళ్ళకు ఒకటి, నర్సులకు ఒకటి, క్రైస్తవులకు ఒకటి. పద్ధతి ఇది: ఆ రంగంలో పేరున్న ఒకరిని సహ సంపాదకులుగా చేర్చుకుంటారు. కథలు పాఠకుల నుంచే అడుగుతారు. వేలల్లో వస్తాయి. వచ్చినవాటిలో వడపోసిన కథలను పదుల మంది మామూలు చదువరులకు పంపి, ఒకటి నుంచి పది దాకా మార్కులు వేయమంటారు. ఎక్కువ మార్కులు వచ్చిన నూట ఒక్కటీ పుస్తకం. ఉపన్యాస సభల్లో చప్పట్లు చేసిన పనిని ఇక్కడ మార్కుల కాగితం చేసింది.

రచయితను పక్కకు తప్పించి, పాఠకులనే రచయితలుగా చేసి, వాళ్ళు రాసింది తిరిగి వాళ్ళకే అమ్మిన ఈ ఏర్పాటును తక్కువగా చూడలేం. 1998 మే 24న న్యూయార్క్ టైమ్స్ జాబితాలో ఒకేసారి ఏడు చికెన్ సూప్‌లు ఉన్నాయి, గిన్నిస్ పుస్తకానికెక్కింది. మొత్తం మీద అమెరికా, కెనడాల్లోనే పది కోట్లకు పైగా, ప్రపంచమంతటా యాభై కోట్ల ప్రతులు పోయాయని సంస్థ చెబుతుంది. నలభైకి పైగా భాషల్లోకి వెళ్ళింది.

కథలు ఎలాంటివి? మొదటి పుస్తకంలోది ఒకటి చూద్దాం, పాఠకుల్లో చాలామందికి వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన నక్షత్రచేపలను ఒకడు ఒక్కొక్కటే తీసి నీళ్ళలోకి విసురుతుంటాడు. ఇన్ని వేల చేపల్లో నువ్వు ఎన్నిటిని కాపాడతావని దారినపోయే మనిషి అడుగుతాడు. అతను ఇంకో చేపను విసిరి, దీనికి మాత్రం తేడా పడిందిగా అంటాడు. దీని మూలం మానవ శాస్త్రవేత్త లోరెన్ ఐస్లీ 1969లో అచ్చేసిన వ్యాసం. అందులో ఈ చమత్కారపు జవాబు లేదు. ఉన్నది మృత్యువు గురించి, పరిణామక్రమంలో మనిషి ఒంటరితనం గురించి సుదీర్ఘమైన, చీకటి నిండిన ఆలోచన. విసిరేవాణ్ణి చూసి మొదట పక్కకు తప్పుకుని వెళ్ళిపోయిన కథకుడు, చివరికి తిరిగొచ్చి తనూ విసరడంలో కలుస్తాడు. ఉపన్యాసకుల నోళ్ళలో నలిగి నలిగి ఆ చీకటంతా రాలిపోయింది, చివర చప్పట్లకు పనికొచ్చే మాట ఒకటి మొలిచింది. చికెన్ సూప్ బలం, బలహీనత రెండూ ఈ ఒక్క ఉదాహరణలో దొరుకుతాయి. అందరికీ అందింది, కానీ అందడం కోసం చాలా వదులుకుంది.

ఈ తియ్యదనం మీద గట్టిగా విరుచుకుపడ్డవాళ్ళలో బార్బరా ఎరెన్‌రైక్ ఒకరు. తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు చుట్టూ అందరూ ‘నవ్వుతూ ఎదుర్కో’ అని ఒత్తిడి పెట్టడంతో ఒళ్ళు మండి, 2009లో ఆశావాదపు పరిశ్రమ మీద ఒక పుస్తకమే రాసింది. ఉద్యోగం పోతే, ఆసుపత్రి బిల్లు కట్టలేకపోతే తప్పంతా నీ దృక్పథానిదేనని నమ్మించడం ఎవరికి లాభం అన్నది ఆమె ప్రశ్న. న్యాయమైన ప్రశ్న. అయితే చికెన్ సూప్‌లో రాసిన నర్సులూ తల్లులూ ఎవరికీ సిద్ధాంతం అమ్మలేదు. తమకు జరిగింది చెప్పుకున్నారు. దాన్ని సిద్ధాంతం చేసింది పై అట్ట.

మన దేశానికి ఇది వెస్ట్‌లాండ్ సంస్థ ద్వారా వచ్చింది. రక్షా భరాడియా సంపాదకత్వంలో భారతీయుల కథలతో, టీనేజర్లకూ సైనికులకూ విడివిడిగా సంపుటాలు వెలువడ్డాయి. శాకాహారం కచ్చితంగా పాటించే ఇళ్ళలోకి కూడా కోడి పేరుతోనే వెళ్ళాయి, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అమెరికా ముద్రణలు హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద పరిచే పాత పుస్తకాల్లో ఇప్పటికీ తగులుతుంటాయి. తెలుగులో ఈ కోవ పుస్తకాలు నడిచిన దారి మాత్రం వేరు. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ అయినా, బి.వి. పట్టాభిరామ్ పుస్తకాలైనా రచయిత పేరు మీద అమ్ముడుపోయాయి. నవలలతోనో ఇంద్రజాలంతోనో ముందే సంపాదించిన పేరది. పాఠకుల కథలే ఏరి, ఏటా సంపుటాలుగా వేసే పని మన ప్రచురణకర్తలు పెద్దగా పెట్టుకోలేదు. వారపత్రికల్లో పాఠకుల అనుభవాల శీర్షికలకు వచ్చిన ఉత్తరాలు పుస్తకాలుగా మారి ఉంటే ఇక్కడా ఒక చికెన్ సూప్ ఉండేదేమో.

ఇక పతనం. 2008లో కాన్‌ఫీల్డ్, హాన్సెన్ తమ సంస్థను విలియం రౌహానా బృందానికి అమ్మేశారు. అంతకుముందు రౌహానా నడిపిన విన్‌స్టార్ అనే టెలికాం సంస్థ 2001లో దివాలా తీసింది. సంపాదకత్వ బాధ్యత ఆయన భార్య, వాల్‌స్ట్రీట్‌లో విశ్లేషకురాలిగా పనిచేసిన ఏమీ న్యూమార్క్ తీసుకుంది. పుస్తకాల పంపిణీ సైమన్ అండ్ షుస్టర్‌కు వెళ్ళింది. కొత్త యజమానులు కొన్నది పుస్తకాలను కాదు, పేరును. ఆ పేరు మీద కుక్కలకు, పిల్లులకు తిండి పొట్లాలు అప్పటికే అమ్ముడవుతున్నాయి. దాన్ని ఇంకా సాగదీశారు. చికెన్ సూప్ ఫర్ ద సోల్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే కంపెనీ 2017లో నాస్‌డాక్‌లో షేర్లు అమ్మింది. 2019లో సోనీ నుంచి క్రాకిల్ అనే వీడియో సర్వీసును తీసుకుంది. 2022లో, సూపర్ మార్కెట్ల బయట డీవీడీలు అద్దెకిచ్చే ఎర్ర పెట్టెల సంస్థ రెడ్‌బాక్స్‌ను దాని నెత్తిన ఉన్న దాదాపు 32 కోట్ల డాలర్ల అప్పుతో సహా కొన్నది. జనం డీవీడీలు చూడటం మానేసిన రోజుల్లో డీవీడీ పెట్టెలు కొనడం ఏ ప్రేరణ పుస్తకం చదివి చేశారో తెలియదు.

2024 జూన్ నెలాఖరున, అంటే మొదటి పుస్తకం వచ్చిన 31 ఏళ్ళకు, ఆ కంపెనీ డెలావేర్ కోర్టులో దివాలా పిటిషన్ వేసింది. అప్పులు సుమారు 97 కోట్ల డాలర్లు. దాదాపు వెయ్యి మంది ఉద్యోగులకు జీతాలు అందలేదు, ఆరోగ్య బీమా ఆగిపోయింది. జూలైలో న్యాయమూర్తి కంపెనీని మూసి ఆస్తులు అమ్మమని ఉత్తర్వు ఇచ్చారు. ఇరవై వేలకు పైగా ఎర్ర పెట్టెలు అమెరికా అంతటా షాపుల ముందు దిక్కులేకుండా మిగిలాయి.

పుస్తకాల సంస్థ వేరే కంపెనీగా ఉండటంతో బతికిపోయింది. సంపుటాలు వస్తూనే ఉన్నాయి. ఒక్కో దానిలో 101 కథలు, పంపేది పాఠకులే. కథ ఎంపికైతే రాసినవాళ్ళకు 250 డాలర్లు, పది ప్రతులు ఇస్తారు.

(వచ్చే సంచికలో: ఇంగ్లండ్‌లో 1859లో వచ్చిన శామ్యూల్ స్మైల్స్ పుస్తకం జపాన్ ఎలా చేరింది?)